నాంచారి చుక్క

అనగా అనగా, చెప్పినవాళ్లంతా పోయి విన్నవాళ్లు మాత్రమే మిగిలినంత కాలం కిందట, ఎర్రకల్లాలు అని ఒక ఊరు ఉండేది. ఊ కొట్టండి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ కదలదు, ఊరూ కదలదు.

అది మిరప ఊరు. చేలో మిరప, కల్లంలో మిరప, గోనెల్లో మిరప. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ నేల కనిపించేది కాదు. ఆరబోసిన పండుకాయల ఎరుపే కనిపించేది. గాలి తూర్పుకు వీస్తే తూర్పు వీధి తుమ్మేది. పడమరకు వీస్తే పడమటి వీధి తుమ్మేది. గాలి ఆగిపోతే ఊరంతా తుమ్మేది. కొత్త కోడలు మరీ ఎక్కువ తుమ్మితే, "ఇంకా మన ఊరి పిల్ల కాలేదు" అని నవ్వేవాళ్లు.

కల్లంలో పని ఆడవాళ్లది. తాలుకాయ ఏరాలి. తొడిమ తుంచాలి. ఎండిన కాయను తిరగెయ్యాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా చేతులు కారంలోనే. కొన్నేళ్లకు ఆ చేతులు చెప్పుతోలులా బిరుసెక్కేవి. ఇక వాటికి మంట తెలిసేది కాదు.

ఆ ఊళ్లో అనకూడని మాట ఒకటుంది. మనం దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. అట్లాగే ఆ ఊళ్లో "మండుతోంది" అనేవాళ్లు కాదు. మిరప లక్ష్మి. కూడు పెట్టే లక్ష్మిని మంట అంటే కల్లం విడిచి పోతుందని భయం. అందుకే కారం కంట్లో పడితే కళ్లు మూసుకునేవాళ్లు. పుండులో పడితే పళ్లు బిగబట్టేవాళ్లు. పళ్లు బిగబట్టడాన్ని ఓర్పు అన్నారు. ఓర్పును ఆడదాని నగ అన్నారు. ఆ నగ చేయించినవాడు మాత్రం ఏనాడూ పెట్టుకోలేదు.

మిరప కోతలూ పెళ్లి ముహూర్తాలూ ఒకే కాలంలో వచ్చేవి. పెళ్లికూతురికి నలుగు పెట్టాలి కదా. కల్లంలో ఆడవాళ్లంతా తాలుకాయలు అక్కడే వదిలి, పెళ్లింటికి పరుగున వచ్చేవాళ్లు. గుమ్మం దగ్గర చెంబెడు నీళ్లతో చేతులు కడుక్కునేవాళ్లు. పెసరపిండి, పసుపు, నూనె కలిపి, పిల్లను పీట మీద కూర్చోబెట్టి, పాటలు పాడుతూ మొహమంతా రుద్దేవాళ్లు.

నీళ్లకు కారం పోతుందా? పోదు.

రుద్దినవాళ్ల చేతులకు తెలియదు. రుద్దించుకున్న పిల్ల నోటికి ఆ మాట లేదు. కాసేపటికి పిల్ల మొహం కందగడ్డలా ఎర్రబడేది. "పెళ్లికళ వచ్చిందే!" అని అందరూ మెటికలు విరిచేవాళ్లు. పిల్ల కంట్లో నీళ్లు కారేవి. "పుట్టింటి మీద బెంగే పాపం" అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు. తల్లీ అట్లాగే ఏడ్చింది, అమ్మమ్మా అట్లాగే ఏడ్చింది, ఆమె అమ్మమ్మా అట్లాగే ఏడ్చింది. ఆచారం అంటే ఏమిటనుకున్నారు? ఎవరో ఒకప్పుడు అడగడం మానేసిన చోటు.

ఆ ఊళ్లో నాంచారి అని ఒక మనిషి ఉండేది.

నాంచారి గొప్పదేం కాదు. కల్లంలో అందరితో పాటు తొడిమలు తుంచేది. మొగుడు చెన్నయ్య మిరప గోనెల బండి తోలేవాడు. నాంచారి చర్మం ఉల్లిపొరలా పలచన. గట్టిగా తుడిస్తే కమిలేది, ఎండ పడితే దద్దురు లేచేది. దానికితోడు మొహం నిండా మొటిమలు. ఈడొచ్చిన పిల్లలందరికీ వచ్చినట్టే ఆమెకూ వచ్చాయి. అందరికీ పోయాయి. ఆమెకు పోలేదు.

"పెళ్లయితే పోతాయిలే" అన్నారు. పెళ్లయింది. పోలేదు.

"బిడ్డ పుడితే పోతాయిలే" అన్నారు. సింగారి అని కూతురు పుట్టింది. పోలేదు.

"వయసు మళ్లితే పోతాయిలే" అన్నారు. ముప్పై దాటింది. చెవుల పక్కన తెల్లవెంట్రుకలు వచ్చాయి. వెంట్రుకల పక్కన మొటిమలు ఉన్నాయి.

అప్పుడు ఊరు పోతాయనడం మానేసి, ఎందుకున్నాయో చెప్పడం మొదలుపెట్టింది.

"లోపల మంచిది కాకపోతే బయటికి ఇట్టాగే తన్నుకొస్తది" అంది ఒకామె.

"ఎవరి ఉసురు పోసుకుందో" అంది ఇంకొకామె.

"ఈ వయసులో మొటిమలేందే, పెళ్లికాని పిల్లకు మల్లే? మనసు ఎవరి మీదుందో!" అని మూడో ఆమె కన్నుగీటింది.

మొహం నాంచారిది. మాట ఊరిది.

మాటతో ఆగితే బాగుండేది. మందులు కూడా ఊరివే. కల్లానికి పెద్ద అచ్చమ్మ అని ఒకామె ఉండేది. ఏ పూట ఎవరిని పనిలోకి పిలవాలో, ఎవరిని వద్దనాలో ఆమె మాట. ఆమె మొహం తోమిన ఇత్తడి చెంబులా నున్నగా ఉండేది. ఆ నునుపు చూసే ఊళ్లో ప్రతి పెళ్లికూతురికీ తొలి నలుగు ఆమె చేత పెట్టించేవాళ్లు. ఆ అచ్చమ్మ అంది: "ఉప్పూ నిమ్మరసం కలిపి గరగరా రుద్దవే. అదే పోద్ది." నాంచారి రుద్దింది. తోలు లేచింది. మొటిమలు ఉన్నాయి.

పక్కింటి వీరమ్మ అంది: "పచ్చి వేపాకు ముద్ద చేసి పట్టించు. ఎండేదాకా కదలకు." నాంచారి పట్టించింది. మొహం బిగుసుకుని పగిలింది. మొటిమలు ఉన్నాయి.

వీధిన పోయే గాజులామె బుట్ట దించి మరీ అంది: "పొద్దున్నే పళ్లు తోమకముందు నీ పాచినోటి ఉమ్మి నువ్వే రాసుకో. రాజులు కూడా అదే రాసుకుంటారు." నాంచారి రాసుకుంది. మొటిమలు ఉన్నాయి. రాజుల సంగతి తెలియదు.

అప్పట్నుంచి నాంచారికి కుదురు పోయింది. కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. చెయ్యి ఊరికే మొహం మీదికి పోయేది. ఒకటి గిల్లేది. అది రెండయ్యేది. ఎదురుగా ఎవరొచ్చినా కొంగు చెంపకు అడ్డం లాక్కునేది. బావి దగ్గర నీళ్లలోకి తొంగిచూసేది కాదు. ఎవరైనా నోరు తెరిస్తే మందు చెప్తారేమోనని ముందే అడుగు వెనక్కి వేసేది.

మొహం నాంచారిది. మాట ఊరిది. దున్నేవాడికే భూమి అని ఊళ్లకు ఊళ్లు లేచాయి. మోసేవాళ్లకే మొహం అని ఒక్క వీధి కూడా లేవలేదు.

ఒక పొద్దున నాంచారి రోట్లో వేపాకు నూరుతోంది. నూరుతూ నూరుతూ ఆగింది. చేతిలో ముద్ద తీసి గోడకేసి కొట్టింది. బండి కట్టబోతున్న చెన్నయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఏమైందే?"

"ఏం కాలా. ఇక ఏమీ రాయను."

"ఏమీనా?"

"ఏమీ. నీళ్లు తప్ప."

"మరి ఊరేమంటది?"

"ఊరినే రాసుకోమను."

చెన్నయ్య గోడ మీద పచ్చటి మరక వంక చూశాడు. "పోనీలే, గోడకు మొటిమలు రాకుండా ఉంటాయి" అన్నాడు. చాలా రోజులకు నాంచారి నవ్వింది.

జ్ఞానం వచ్చి మానలేదు. విసుగొచ్చి మానింది. చల్లటి నీళ్లతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కడుక్కునేది. పాత పంచెగుడ్డతో రుద్దకుండా అద్దుకునేది. అంతే. కొన్నాళ్లకు ఎరుపు కాస్త తగ్గింది. పగుళ్లు మానాయి. మొటిమలు పోయాయా? పోలేదు. కానీ ఒకటి తగ్గితేనే ఇంకొకటి వచ్చేది, పదింటికి పది ఒకేసారి వచ్చేవి కావు.

అంతలో ఒక అకాల వాన పట్టుకుంది. కాయ మీద తాటాకు చాపలు కప్పేసి ఆడవాళ్లంతా ఇళ్లలో కూర్చున్నారు. వాన ఉన్నన్నాళ్లూ నాంచారి మొహం చల్లగా ఉంది. వాన వెలిసి కల్లంలో అడుగుపెట్టిన తొలిపూటే, చెమట తుడుచుకోగానే చెంప భగ్గుమంది. నాంచారి తన చేతిని చూసుకుంది. వాసన చూసింది. నాలుకతో తాకింది. కారం.

ఇన్నాళ్లూ మొహాన్ని తిట్టుకుంది. తిట్టుకోవలసింది చేతిని.

చెయ్యి నీళ్లతో కడిగింది. నాలుక పెట్టి చూసింది. కారం. బూడిదతో తోమింది. నాలుక పెట్టి చూసింది. కారం. నూనె రాసి, కుంకుడు రసంతో కడిగింది. నాలుక పెట్టి చూసింది. కుంకుడు చేదు. కారం లేదు. చేదుకు ఉమ్మేస్తూ, దగ్గుతూ, ఎగిరి గంతేసింది. చూసినవాళ్లు, "దీనికి మొహంతో పాటు మతి కూడా పోయింది" అనుకున్నారు.

ఆ రోజు నాంచారికి తన పెళ్లి గుర్తొచ్చింది. పీట గుర్తొచ్చింది, పాట గుర్తొచ్చింది, మొహానికి నిప్పంటుకున్నట్టయి గోళ్లు అరచేతుల్లో గుచ్చుకోవడం గుర్తొచ్చింది. పొక్కులెక్కిన మొహంతో అత్తారింటి గడప తొక్కడం గుర్తొచ్చింది. పెళ్లికళ కాదది. బెంగ కాదది. కారం.

మరునాడు కల్లంలో అదే చెప్పింది. ఆడవాళ్లు తొడిమలు తుంచడం ఆపకుండానే నవ్వారు.

"మొటిమలు తగ్గించుకోలేనిది మనకు చేతులు కడగడం నేర్పుతుందంట!"

నవ్వు కూడా ఒక కర్రే. తగిలిన చోట మరక కనపడదు, అంతే.

కాలం గడిచింది. నాంచారి కూతురు సింగారి ఎదిగింది. అమ్మకు మల్లే ఉల్లిపొర చర్మం. అమ్మకు మల్లే చెంపల మీద మొటిమలు. పొరుగూరి పిల్లవాడు చూశాడు, సింగారి కూడా చూసింది, ఇద్దరికీ నచ్చింది. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి.

నాంచారికి మళ్లీ కుదురు పోయింది. కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. ఊరి చేతులు కూతురి మొహం మీద పడతాయి. రుద్దుతాయి. పిల్ల నోరు మూసుకుంటుంది. ఆ తరవాత బతుకంతా కొంగు చెంపకు అడ్డం లాక్కుంటుంది.

"నేను ఓర్చుకుంటాలే అమ్మా" అంది సింగారి.

"ఓర్చుకోవడానికా నిన్ను కన్నది?" అంది నాంచారి. చెప్పులేసుకుని నేరుగా అచ్చమ్మ ఇంటికి పోయింది.

"అత్తా, నా కూతురికి నలుగు నేనే పెట్టుకుంటా."

అచ్చమ్మ తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపలేదు. "నీ మొహం ఎప్పుడన్నా చూసుకున్నావటే? ఆ మొహం పెట్టుకుని పెళ్లికూతుర్ని ముట్టుకుంటావా? దానికి కూడా అంటుకుంటే?"

"దానికి ఇప్పటికే ఉన్నాయి. అంటుకునేది కాదిది."

"చాల్లే పో. ఎవరు పెట్టాల్సింది వాళ్లే పెట్టాలి."

రెండోసారి పోయింది. కల్లం గట్టు మీద పట్టుకుంది.

"సరే అత్తా, నువ్వే పెట్టు. కాకపోతే వచ్చేముందు అందరూ చేతులకు నూనె రాసి, కుంకుడు రసంతో కడుక్కోండి. నేనే కొట్టి ఉంచుతా కుంకుళ్లు."

అచ్చమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. "నా చేతుల్లో ఏముందే? లక్ష్మి ఉంది. లక్ష్మిని కుంకుడుకాయ పెట్టి కడిగిపారేస్తావా? ఇంకోసారి ఈ మాటెత్తితే రేపట్నుంచి కల్లానికి రాబాక."

మూడోసారి అడగలేదు. అడిగితే ఇవ్వని దాన్ని ఎన్నిసార్లు అడిగితే మాత్రం ఏం?

నలుగు రోజు వచ్చింది. పీట వేశారు. సింగారిని కూర్చోబెట్టారు. కల్లం నుంచి ఆడవాళ్లు బిలబిలా వచ్చారు. గుమ్మం దగ్గర చెంబెడు నీళ్లతో చేతులు తడుపుకున్నారు. ఇత్తడి గిన్నెలో పిండి, పసుపు, నూనె వేసి ఆ చేతులతోనే కలిపారు. నాంచారిని గోడ వారగా నిలబెట్టారు. తల్లే. కానీ మొహం ఊరికి నచ్చలేదు కదా.

సింగారి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంకా ఏమీ పడకముందే మూసుకుంది. అది చూసింది నాంచారి. ఆ మూసుకున్న కళ్లు చూసింది.

అచ్చమ్మ గిన్నెలోంచి ముద్ద తీసి చెయ్యి చాపింది. నాంచారి గోడ వదిలి ముందుకొచ్చింది. ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

పాట ఆగిపోయింది.

"వదులు" అంది అచ్చమ్మ.

"వదుల్తా అత్తా. పిల్లకంటే ముందు నీకు పెడదాం. పెద్దదానివి. ఒక్క చుక్క."

"నాకెందుకే?"

"నీ చేతిలో లక్ష్మి ఉందన్నావు కదా. లక్ష్మి నీకు చేదా?"

అందరూ అచ్చమ్మ వంక చూశారు. వద్దంటే భయపడ్డట్టు. అచ్చమ్మ భయపడిందని ఆ ఊళ్లో ఎవరూ అనలేదు. "పెట్టు" అంది. "మొహానికి పెడతావా? పెట్టు."

"మొహం నీది. దాని జోలికి నేను రాను."

నాంచారి అచ్చమ్మ చేతిని వెనక్కి తిప్పింది. మోచేయి మడత లోపల, ఎప్పుడూ ఎండ తగలని చోట, కారం తాకని చోట, చర్మం పసిపిల్ల బుగ్గలా ఉంటుంది. ఎంత పనిచేసిన మనిషికైనా అక్కడ అట్లాగే ఉంటుంది. గిన్నెలోంచి చిటికెడు ముద్ద తీసి అక్కడ అద్దింది.

"ఇప్పుడు ఒక పాట పాడదాం. పాటయ్యేదాకా ఆగుదాం" అంది. అని తనే ఎత్తుకుంది.

పెసరచేను పూసె, పెళ్లిపీట వేసె,
పసుపుకొమ్ము నూరి పడుచులంతా వచ్చె...

ఒకామె గొంతు కలిపింది. ఇంకొకామె కలిపింది. మెల్లగా అందరూ కలిపారు. అచ్చమ్మ నవ్వుతూ నిలబడింది. మొదటి చరణం అయింది. నవ్వు ఉంది. రెండో చరణం మొదలైంది. నవ్వు ఉంది, గాజులు కదిలాయి. రెండో చెయ్యి మోచేయి దాకా పోయి వెనక్కి వచ్చింది. అచ్చమ్మ ఈ కాలు మీది నుంచి ఆ కాలు మీదికి మారింది. ఆ కాలు మీది నుంచి ఈ కాలు మీదికి మారింది. నుదుటి మీద చెమట పట్టింది. మూడో చరణంలో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాట అయిపోయింది.

"మండుతోందా అత్తా?" అంది నాంచారి.

ఆ ఇంట్లో ఆ మాట వినపడగానే ఇద్దరు ముగ్గురు చెవులు మూసుకున్నారు. అచ్చమ్మ పళ్లు బిగబట్టింది.

"మండుతోందా అత్తా?"

కళ్లు మూసుకుంది.

"మండుతోందా?"

అచ్చమ్మ గిరుక్కున తిరిగి పెరట్లోకి పోయింది. తొట్టిలో మోచేయి దాకా చెయ్యి ముంచింది. నీళ్లకు కారం పోతుందా? పోదు. ముంచిన కొద్దీ మండింది. పెరటి దారినే ఇంటికి వెళ్లిపోయింది. ఆమె వెనకే సగం మంది వెళ్లిపోయారు.

మిగిలిన సగం మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు మూల కూర్చున్న ముసలి వెంకాయమ్మ గొంతు సవరించుకుంది. ఊరందరిలోకీ పెద్దది. నోట్లో పన్ను లేదు.

"నా పెళ్లినాడు మండింది" అంది.

"ఏమన్నావు అవ్వా?"

"మండింది అన్నా. నాకు చెవుడనుకున్నా, మీకా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ముక్కు చీదారు.

"నాకూ మండింది" అంది పక్కింటి వీరమ్మ. "మూడు రోజులు మండింది. బెంగ అనుకున్నారు. నాకేం బెంగ, మా పుట్టింట్లో తిండే సరిగా పెట్టేవాళ్లు కాదు."

"నాకూ."

"నాకూనే."

మౌనం అంగీకారం అంటారు. కాదు. మౌనం చాలాసార్లు మూసిపెట్టిన కుంపటి.

ఒక కుర్ర కోడలు మాత్రం గాభరాగా లేచి, కల్లం దాకా పరుగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చింది. "మిరప అక్కడే ఉంది!" అంది. "లక్ష్మి ఎక్కడికీ పోలా!"

అప్పుడు ఆ గిన్నెలోది పారబోశారు. నాంచారి చేతులకు నూనె రాసుకుంది. కుంకుడు రసంతో కడుక్కుంది. కొత్త ముద్ద కలిపింది. సింగారి మోచేయి మడతలో చుక్క పెట్టింది. మళ్లీ పాట. పాట అయిపోయింది.

"మండుతోందా?"

"లేదమ్మా."

"మండుతోందా?"

"లేదు."

"మండుతోందా? నిజం చెప్పు."

"లేదంటే వినవేమే!" అని సింగారి కళ్లు తెరిచి పకపకా నవ్వింది. అప్పుడు పెట్టింది నాంచారి తన చేత్తో, మొటిమల మొహం మొటిమల మొహానికి వంగి, నలుగు. రుద్దలేదు. అద్దింది, కడిగింది. సింగారి మొహం ఎర్రబడలేదు. "పెళ్లికళ రాలేదే" అని మగపెళ్లివాళ్లు గుసగుసలాడారు. పెళ్లికూతురు ఏడవకుండా తల ఎత్తి అందరినీ చూస్తుంటే ఎక్కడ చూడాలో వాళ్లకు తెలియలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. కానీ న్యాయం ఊరికే రాదు, వచ్చాక ఊరికే ఉండనివ్వదు. ఆ ఏడు అచ్చమ్మ నాంచారిని కల్లానికి పిలవలేదు. మరుసటి ఏడు పిలవలేదు. ఆ పై ఏడూ పిలవలేదు. నాంచారి పొరుగూళ్లకు నడిచిపోయి పత్తి తీసింది. పగలంతా ఎండ. మొహం దద్దుర్లెక్కేది. చల్లటి నీళ్లతో కడుక్కునేది, గుడ్డతో అద్దుకునేది. మొటిమలు వచ్చేవి, పోయేవి, వచ్చేవి. కొంగు మాత్రం చెంపకు అడ్డం లాక్కోలేదు.

పగలు పనికి పిలవనివాళ్లే పెళ్లిళ్లప్పుడు పెరటి దారిన వచ్చేవాళ్లు. "అక్కా, ఒక్కసారి వచ్చి మా పిల్లను చూసిపోవే." నాంచారి పోయేది. కొందరు తిట్టేవాళ్లు, కొందరు తలుపేసేవాళ్లు. అయినా పోయేది. అచ్చమ్మ మనవరాలి పెళ్లికి నాంచారిని ఎవరూ పిలవలేదు. కానీ ఆ పొద్దున అచ్చమ్మ ఇంట్లోంచి కుంకుడు రసం వాసన వీధి చివరి దాకా వచ్చింది. నాంచారి ఆ వీధిలోనే పత్తిచేనుకు పోతోంది. ఒక్క క్షణం నిలబడింది. ముక్కు ఎగబీల్చింది. నడిచిపోయింది.

చాలా కాలానికి నాంచారి చనిపోయింది. జ్వరం వచ్చి చనిపోయింది. పెద్ద కారణమేమీ లేదు. పేదవాళ్ల చావుకు పెద్ద కారణాలు అక్కర్లేదు.

కడసారి స్నానం చేయించి మొహానికి పసుపు రాయాలి. ఆడవాళ్లు పసుపు కలిపారు. గబగబా కానిచ్చేద్దామని ఒకామె చెయ్యి చాపింది. సింగారి ఆ చెయ్యి పట్టుకుంది. తను చేతులకు నూనె రాసుకుని, కుంకుడు రసంతో కడుక్కుంది. కొత్తగా పసుపు కలిపింది. తల్లి చెయ్యి తిప్పి, మోచేయి మడతలో ఒక చుక్క పెట్టింది. తరవాత పక్కన కూర్చుని పాట ఎత్తుకుంది. చావింట్లో పెళ్లిపాట. ఎవరూ గొంతు కలపలేదు. చివరిదాకా ఒక్కతే పాడింది.

"మండుతోందా అమ్మా?" అంది.

ఎవరో ఆగలేక అన్నారు: "పోయినామెకు మంటేందే, పిచ్చిదానా!"

సింగారి తల తిప్పింది. "బతికుండగా మీరెవరన్నా అడిగారా?" అంది.

మళ్లీ తల్లి వైపు వంగింది. "మండుతోందా అమ్మా?" ఆగింది. "మండుతోందా?" జవాబు వచ్చేంతసేపు, రాదని తెలిసేంతసేపు ఆగింది. అప్పుడు మెల్లగా, రుద్దకుండా, పసుపు అద్దింది.

ఆ రోజు గుమ్మం బయట ఒక ముసలామె నిలబడి ఉంది. లోపలికి రాలేదు. అచ్చమ్మ. రెండో చేత్తో తన మోచేతిని పట్టుకుని, అందరూ వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడింది.

నాంచారికి గుడి కట్టలేదు. మంచిదే. గుడి కడితే చుక్క పెట్టడం మరిచిపోయి కొబ్బరికాయలు కొట్టేవాళ్లు. రాయి నిలబెట్టలేదు, తిరునాళ్లు చెయ్యలేదు. ఒక చుక్క మిగిలింది, అంతే.

ఆ పక్క మిరప ఊళ్లలో ఈనాటికీ పెళ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టాక, నలుగు నేరుగా మొహానికి పెట్టరు. ముందు మోచేయి మడతలో ఒక చుక్క పెడతారు. నాంచారి చుక్క అంటారు. ఒక పాట పూర్తిగా పాడతారు. పాటయ్యాక మూడుసార్లు అడుగుతారు. పెళ్లికూతురు సిగ్గుపడి తల ఊపితే ఒప్పుకోరు. నోరు తెరిచి చెప్పాలి, గుమ్మం అవతల వాళ్లకు కూడా వినపడాలి. మండుతోంది అంటే గిన్నెలోది పారబోస్తారు. ఎందుకని ఒక్కరూ అడగరు.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరి మొహాన్నయినా చూసి, అడగకుండానే, అది రాయి, ఇది పూయి, అది తినకు, ఇది మానెయ్ అని ఎవరైనా మొదలుపెడితే, ఆ ఊళ్లలో పసిపిల్లలు కూడా మొహమాటం లేకుండా ఒకటే మాట అంటారు:

"ముందు నీ మోచేతికి పెట్టుకో. పాటయ్యేదాకా ఆగుతాం."